దేవుని ఏర్పాటు: పదహారు శతాబ్దాల వాదంలో తేలిందేమిటి?

ఒకే సభలో ఒకే ప్రసంగం విన్న ఇద్దరిలో ఒకరు కన్నీళ్లతో మోకరిస్తారు, ఇంకొకరు చెప్పులు వేసుకుని ఇంటికి పోతారు. తేడా ఎక్కడ వచ్చింది? మొదటివాడు తన ఇష్టంతో నమ్మాడంటే రక్షణలో ఆఖరి మాట మనిషిదే అవుతుంది, కృప సగం కృపగానే మిగులుతుంది. దేవుడే అతని మనసు తిప్పాడంటే రెండోవాడి మనసు ఎందుకు తిప్పలేదన్న ప్రశ్న నేరుగా దేవుడి మీదికే వెళుతుంది. క్రైస్తవ వేదాంతంలో ‘ముందు నిర్ణయం’, ‘ఏర్పాటు’ అన్న పేర్లతో సాగిన వాదమంతా ఈ రెండు జవాబుల మధ్య నలిగిందే.

ఈమధ్య ఇంగ్లిష్ పుస్తకాలు, యూట్యూబ్ ప్రసంగాల పుణ్యమా అని మన సంఘాల్లోని కుర్రకారు కూడా ‘మీరు కాల్వినిస్టులా, ఆర్మీనియన్లా?’ అని పాస్టర్లను నిలదీస్తున్నారు. జవాబు చెప్పేముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. ఇందులో ఏ జవాబూ ఉచితంగా దొరకదు. ఎవరు ఏ వెల చెల్లించడానికి సిద్ధపడ్డారో చూస్తేనే ఈ వాదం అర్థమవుతుంది.

లేఖనాల్లో రెండు పాయలు

ద్వితీయోపదేశకాండం ఏడో అధ్యాయంలో మోషే ఇశ్రాయేలీయులకు ఒక చేదు నిజం చెబుతాడు. దేవుడు వాళ్లను ఎన్నుకున్నది జనం ఎక్కువని కాదట, అన్ని జనాల్లోనూ వాళ్లే తక్కువవాళ్లట. కేవలం ప్రేమే కారణం. ఎఫెసీయులకు రాసిన పత్రికలో పౌలు ఈ ఎన్నికను జగత్తుకు పునాది వేయకముందటి కాలానికి తీసుకెళతాడు. రోమా ఎనిమిదో అధ్యాయంలో ముందెరగడం దగ్గర మొదలై మహిమపరచడం దాకా దేవుడి పనిని గొలుసుకట్టుగా చెబుతాడు. తండ్రి ఆకర్షించకపోతే ఎవరూ తన దగ్గరికి రాలేరని యోహాను సువార్తలో యేసు అంటాడు. ఇది ఒక పాయ.

రెండోది కూడా అంత బలమైనదే. దుష్టుడు చనిపోతే తనకు సంతోషం లేదని యెహెజ్కేలు ద్వారా దేవుడు చెబుతాడు. మనుషులందరూ రక్షణ పొందాలన్నదే దేవుడి ఇష్టమని తిమోతికి రాసిన మొదటి పత్రిక. పిల్లల్ని రెక్కల కింద చేర్చుకోవాలని ఎంత తపించినా ఆ జనం ఒప్పుకోలేదని యెరూషలేమును చూసి యేసు వాపోతాడు. ఒల్లకపోవడం మనుషుల వంతేనని అక్కడ స్పష్టంగా ఉంది.

అసలు పీటముడి రోమా తొమ్మిదో అధ్యాయం. యాకోబు, ఏశావు కడుపులో ఉండగానే, మంచీ చెడూ చేయకముందే దేవుడు ఒకరిని ఎంచుకున్నాడు. ఫరో గుండెను కఠినపరిచాడు. కుమ్మరికి మట్టి మీద అధికారం లేదా అని పౌలు ఎదురు ప్రశ్న వేస్తాడు. ఇక్కడితో పుస్తకం మూసేస్తే కరడుగట్టిన విధివాదమే కనిపిస్తుంది. కానీ పౌలు ఇక్కడితో ఆగలేదు. ఈ భాగాన్ని ఆయన మొదలుపెట్టిందే సొంత జనం మీది బెంగతో. వాళ్లకోసం తాను క్రీస్తుకు దూరమైనా ఫరవాలేదనేంత వేదన అది. పదో అధ్యాయంలో ప్రభువు పేరెత్తి ప్రార్థించే ప్రతివాడికీ రక్షణ ఉందంటాడు. ప్రకటించేవాడు లేకపోతే ఎలా వింటారని అడుగుతాడు. పదకొండులో ఒలీవ చెట్టు సంగతి చెప్పి, అంటుకట్టబడ్డ కొమ్మలు విరిగిన కొమ్మలను చూసి మిడిసిపడకూడదని హెచ్చరిస్తాడు. దేవుడు అందరినీ అవిధేయత కింద మూసివేసింది అందరినీ కరుణించడానికేనన్నది ఆ మూడు అధ్యాయాల ముగింపు. ఆ వెంటనే వాదన ఆగిపోయి స్తోత్రం మొదలవుతుంది.

అగస్టీన్ మనసు మార్చుకున్న వేళ

పౌలు తర్వాత మూడు వందల ఏళ్లకు పైగా సంఘం ఈ ముడి జోలికి పెద్దగా పోలేదు. గ్రహగతులే అన్నీ నిర్ణయిస్తాయనే జ్యోతిష్కుల మీద, పుట్టుకతోనే మనుషులు రకరకాలనే నాస్టిక్కుల మీద వాదిస్తున్న రోజుల్లో తూర్పు దేశాల తండ్రులు మనిషి స్వేచ్ఛనే నొక్కిచెప్పారు. హిప్పో బిషప్పు అగస్టీన్ (354–430) కూడా మొదట ఆ దారిలోనే ఉన్నాడు. ఎవరు నమ్ముతారో దేవుడు ముందే చూసి వాళ్లను ఏర్పరచుకున్నాడని రాశాడు. 396–397 ప్రాంతంలో మిలాన్‌కు చెందిన సింప్లీషియన్ అడిగిన ప్రశ్నలకు జవాబు రాస్తూ రోమా 9 మళ్లీ చదివినప్పుడు ఆ మాట ఆయనకే నిలవలేదు. చేసిన మంచిని బట్టి కానప్పుడు, చేయబోయే విశ్వాసాన్ని బట్టి మాత్రం ఎందుకవుతుంది? ఆ విశ్వాసం కూడా దేవుడిచ్చినదే కదా!

పెలాగియస్‌తో తగవు దీని తర్వాతే వచ్చింది. దేవుడు ఆజ్ఞ ఇచ్చాడంటే పాటించే శక్తి మనిషికి ఉన్నట్టేనని పెలాగియస్ వాదం. 418లో కార్తేజ్ సభ అతని బోధను ఖండించింది. కానీ అగస్టీన్ గెలుపు వెంటే కొత్త చిక్కు వచ్చింది. ఇప్పటి ట్యునీషియాలోని హద్రుమేటుం మఠంలో సన్యాసులు ఒక ప్రశ్న లేవదీశారు: అంతా కృపే అయితే తప్పుచేసిన తమ్ముడిని గురువు మందలించడం దేనికి, వాడికోసం ప్రార్థిస్తే చాలదా? ఏ బైబిలు స్టడీలోనైనా ఈనాటికీ మొదట వచ్చే ప్రశ్న ఇదే. మందలింపు కూడా కృప వాడుకునే పనిముట్టేనని అగస్టీన్ జవాబిచ్చాడు. ఫలితమే కాదు, దానికి చేర్చే దారి కూడా దేవుడి నిర్ణయంలో భాగమన్నమాట. ఆ తర్వాత ఏర్పాటును సమర్థించినవాళ్లంతా ఈ జవాబు మీదే నిలబడ్డారు.

దక్షిణ గాల్‌లోని సన్యాసులకు మాత్రం ఇది మింగుడు పడలేదు. మొదటి అడుగు కొన్నిసార్లు మనిషే వేయగలడన్నది మార్సే మఠాధిపతి జాన్ కాషియన్ అభిప్రాయం. వందేళ్లు నలిగిన ఈ తగవును 529లో ఆరాంజ్ సభ ఒక కొలిక్కి తెచ్చింది. ఆర్ల్ బిషప్పు సిజేరియస్ నడిపిన ఆ సభ రెండు మాటలు తేల్చింది. నమ్మాలన్న తొలి కోరిక కూడా కృప నుంచే పుడుతుంది. చెడుకు మాత్రం దేవుడు ఎవరినీ ముందుగా నిర్ణయించలేదు, అలా అనేవారు శాపగ్రస్తులు. మేలంతా దేవుడిది, నాశనం మనిషి స్వయంకృతం అన్న ఈ ఎగుడుదిగుడు లెక్క తర్కానికి సరిగ్గా అతకదు. కానీ పడమటి సంఘం ఎక్కువకాలం నిలబడింది దీనిమీదే.

కొరడా దెబ్బలు తిన్న సన్యాసి

ఆ లెక్కను సరిచేయబోయి దెబ్బతిన్నవాడు సాక్సనీకి చెందిన గొట్‌షాల్క్. పసితనంలోనే ఫుల్డా మఠానికి అర్పించబడి, ఇష్టంలేని సన్యాసం నుంచి బయటపడబోయి కుదరక, అగస్టీన్ పుస్తకాల్లో మునిగిపోయిన మనిషి అతను. నీతిమంతులు జీవానికి, దుష్టులు శిక్షకు, ఇద్దరూ ముందే నిర్ణయించబడ్డారని బోధించాడు. 848లో మైన్జ్ సభ అతన్ని ఖండించింది. మరుసటి ఏడు కియెర్జీ సభలో రైమ్స్ ఆర్చిబిషప్పు హింక్‌మార్ సమక్షంలో అతన్ని కొరడాలతో కొట్టారు. తన రాతలను తన చేతులతోనే నిప్పుల్లో వేయించారు. మిగిలిన ఇరవై ఏళ్లూ ఓవిలే మఠంలో బందీగానే గడిపాడు, అభిప్రాయం మాత్రం మార్చుకోలేదు. దేవుడు కఠినుడని చెప్పాడన్న నేరానికి సంఘమే అతనిపట్ల అంత కఠినంగా ప్రవర్తించింది.

కాల్విన్ దీన్ని ఎక్కడ పెట్టాడు?

సంస్కరణ కాలంలో మొదటి దెబ్బ లూథర్‌ది. 1524లో ఎరాస్మస్ ఇచ్ఛాస్వాతంత్ర్యాన్ని సమర్థిస్తూ పుస్తకం రాస్తే, మనిషి చిత్తం బానిసేనని 1525లో లూథర్ తిప్పికొట్టాడు. అయినా ఈ సిద్ధాంతానికి పేరు మాత్రం జాన్ కాల్విన్‌ది స్థిరపడిపోయింది.

ఆయన ‘క్రైస్తవ మత వ్యవస్థ’ చివరి కూర్పు 1559లో వచ్చింది. ఏర్పాటు గురించి అది మాట్లాడే చోటు గమనించాలి. దేవుణ్ని గురించిన మొదటి సంపుటంలో కాదు, మూడో సంపుటం 21 నుంచి 24 అధ్యాయాల్లో. అంతకుముందు విశ్వాసం, మారుమనస్సు, నీతిమంతులుగా తీర్చబడడం అన్నీ అయిపోయాయి. సరిగ్గా ముందున్న 20వ అధ్యాయం ప్రార్థన గురించి. అంటే నమ్మి, ప్రార్థన నేర్చుకున్న మనిషి వెనక్కి తిరిగి ‘నాకిది ఎలా దక్కింది?’ అని అడిగినప్పుడు దొరికే జవాబుగానే కాల్విన్ దీన్ని అక్కడ ఉంచాడు. నిర్ణయపు గుట్టు విప్పిచూడాలనే ఆరాటం ప్రమాదమనీ, క్రీస్తులో తప్ప మరెక్కడా మన ఏర్పాటును వెతకొద్దనీ హెచ్చరించాడు. దాంతోపాటు కొందరిని దేవుడు నాశనానికి నియమించాడనీ నిక్కచ్చిగా రాశాడు. ఆ నిర్ణయం తలచుకుంటే భయం వేస్తుందనీ ఒప్పుకున్నాడు.

1551లో జెనీవాలో జెరోమ్ బోల్సెక్ అనే మాజీ సన్యాసి, ఇది దేవుణ్ని పాపానికి కర్తగా చేస్తుందని బహిరంగంగా ఎదిరించాడు. అతన్ని ఊరినుంచి వెళ్లగొట్టారు. సలహా అడిగితే జూరిక్‌లోని బుల్లింగర్ వంటి మిత్రులు కూడా కాల్విన్ పక్షాన గట్టిగా నిలబడలేదు. కాల్విన్ తర్వాత వచ్చిన థియోడర్ బేజా, ఆయన అనుచరులు ఇంకో మెట్టు ఎక్కి, పాపంలో పడకముందటి మనిషినే దృష్టిలో పెట్టుకుని దేవుడు నిర్ణయించాడా, పడిన మనిషినా అని వాదించుకున్నారు. పౌలు దగ్గర స్తోత్రంతో ముగిసిన సంగతి తర్కశాస్త్రంలోకి దిగిపోయింది.

డోర్ట్: వేదాంతం, రాజకీయం, శిరచ్ఛేదం

బేజా దగ్గరే చదివిన డచ్ పండితుడు యాకోబుస్ ఆర్మీనియస్ దీన్ని ఒప్పుకోలేకపోయాడు. 1603లో లైడెన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాక తోటి ఆచార్యుడు గోమరస్‌తో తగవు ముదిరింది. ఆర్మీనియస్ పెలాగియస్ కాడు. మనిషి పడిపోయాడు, కృప లేకుండా లేవలేడు అనే ఆయనా చెప్పాడు. కాకపోతే ఆ కృపను కాదనగల అవకాశం మనిషికి ఉంది. ఎవరు నమ్ముతారో ఎరిగి దేవుడు వాళ్లను ఏర్పరచుకున్నాడు. 1609లో ఆయన చనిపోయాడు. మరుసటి ఏడు ఆయన అనుచరులు ఐదు అంశాల విన్నపం సమర్పించారు. విశ్వాసి చివరికి తొలగిపోగలడా అన్న ఐదో అంశంలో వాళ్లు ఖాయంగా ఏమీ చెప్పలేదు, లేఖనాలు ఇంకా పరిశీలించాలన్నారు.

1618 నవంబరు 13న డోర్ట్ నగరంలో సభ మొదలైంది. ఇంగ్లండ్, జెనీవా, జర్మన్ సంస్థానాల నుంచి కూడా ప్రతినిధులు వచ్చారు. ఎపిస్కోపియస్ నాయకత్వంలో వచ్చిన విన్నపదారులు తోటి సభ్యులుగా కూర్చోలేదు, ముద్దాయిలుగా నిలబడ్డారు. చర్చ ఏ పద్ధతిలో సాగాలన్న దగ్గరే వారాలు గడిచాయి. జనవరిలో అధ్యక్షుడు బోగర్‌మన్ సహనం కోల్పోయి, వాళ్లను అబద్ధీకులని తిట్టి బయటికి పంపేశాడు. సభ 1619 మే 9న ముగిసింది. నాలుగు రోజులకే, విన్నపదారులకు అండగా ఉన్న వృద్ధ రాజకీయవేత్త ఓల్డెన్‌బార్నెవెల్ట్ తలను హేగ్‌లో నరికారు. నేరం రాజద్రోహమన్నారు, ప్రిన్స్ మారిస్‌తో అధికారపు పోరే అసలు కారణం. జైల్లో పడ్డ న్యాయకోవిదుడు హ్యూగో గ్రోటియస్ 1621లో పుస్తకాల పెట్టెలో దాక్కుని తప్పించుకున్నాడు.

డోర్ట్ తీర్మానాలను అసలు చదివితే, వాటిపేరు చెప్పి సాగే ప్రచారం కన్నా అవి మెత్తగా ఉంటాయి. ‘టులిప్’ అనే ఐదక్షరాల సూత్రం వాటిలో లేదు. అది చాలా తర్వాత ఇంగ్లిష్‌లో పుట్టిన గుర్తు. విశ్వాసానికి ఏర్పాటు కారణమైనట్టే అవిశ్వాసానికి తిరస్కారం కారణమని తాము అనడం లేదని సభ ముగింపులో స్పష్టం చేసింది. పసితనంలో చనిపోయిన బిడ్డల ఏర్పాటు, రక్షణ విషయంలో భక్తిగల తల్లిదండ్రులు సందేహపడనక్కర్లేదని మొదటి భాగం 17వ అంశం చెబుతుంది. పసిబిడ్డల చావు ప్రతి ఇంటి కథ అయిన ఆ రోజుల్లో ఈ మాట రాసినవాళ్లు కేవలం తార్కికులు కారు, కాపరులు.

మిగిలినవారి దారులు

కాథలిక్కులు ట్రెంట్ సభలో 1547లోనే, ఏర్పాటైనవారికి మాత్రమే కృప దక్కుతుందనే వాదాన్ని ఖండించారు. తాను ఏర్పాటైనవాడినని ఎవరూ తొందరపడి ధీమా పెట్టుకోవద్దన్నారు. అయినా లోపల తగవు ఆగలేదు. 1588లో జెసూట్ పండితుడు మొలీనా ఒక మధ్యేమార్గం చెప్పాడు: ఏ పరిస్థితిలో పెడితే ఏ మనిషి స్వేచ్ఛగా ఏం చేస్తాడో దేవుడికి ముందే తెలుసు, ఆ తెలివితోనే లోకాన్ని నడిపిస్తాడు. డొమినికన్ బాన్యెజ్ దీన్ని తీవ్రంగా ఎదిరించాడు. రోములో ఏళ్ల తరబడి విచారణ జరిగాక 1607లో పోప్ ఐదో పాల్ ఎటూ తీర్పు చెప్పకుండా, ఒకరినొకరు ఖండించుకోవద్దని మాత్రం ఆదేశించాడు. మొలీనా జవాబు తెలివైనదే. కానీ ఆ పరిస్థితులను ఎంచిపెట్టింది ఎవరని అడిగితే ప్రశ్న మళ్లీ మొదటికే వస్తుంది.

లూథరన్లు 1577 నాటి ఏకీభావ సూత్రంలో ఏర్పాటు జీవానికి మాత్రమేననీ, నాశనానికి కారణం మనిషేననీ తేల్చి, మధ్యనున్న ఖాళీని పూడ్చబోమన్నారు. తూర్పు ఆర్థొడాక్స్ సంఘం 1672 యెరూషలేము సభలో కాల్వినిజాన్ని కాదని, దేవుడు మనిషి స్పందనను ముందెరిగి ఏర్పరచుకున్నాడనే పాత మాటకే కట్టుబడింది. ఇరవయ్యో శతాబ్దంలో కార్ల్ బార్త్ 1942లో ఆటనే తిరగేశాడు. ఏర్పరచుకునే దేవుడూ, ఏర్పరచబడిన మనిషీ, తిరస్కారాన్ని మోసినవాడూ క్రీస్తే. ఆయన వెనుక దాగిన వేరే జాబితా ఏదీ లేదు. అలాగైతే చివరికి అందరూ రక్షణ పొందుతారా అంటే బార్త్ అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. ఏర్పాటు వ్యక్తులకు సంబంధించింది కాదు, ఒక పనికోసం ఒక జనాన్ని ఎన్నుకోవడమేననే వ్యాఖ్యాతలూ ఉన్నారు. వాళ్ల వాదానికి రోమా 9 కొంత ఊతమిస్తుంది, ఎందుకంటే పౌలు అక్కడ ఎత్తిన యాకోబు, ఏశావుల కథలోనే, ఆదికాండంలో, రిబ్కా కడుపులో ఉన్నవి రెండు జనాలని రాసి ఉంది. కానీ ఆ జనంలోకి ఒక మనిషి ఎలా చేరతాడన్న ప్రశ్నకు వాళ్లూ వేరే జవాబు వెతకాల్సిందే.

తెలుగు నేల మీద

ముందే నిర్ణయమైపోతే సువార్త ఎందుకని అడిగేవారికి విలియం కేరీ జీవితమే ఒక జవాబు. ఆయన ఏర్పాటును నమ్మిన పర్టిక్యులర్ బాప్టిస్టు. ఆ వర్గంలో కొందరు పాపిని విశ్వాసానికి పిలవడమే తప్పనే స్థితికి వచ్చారు. 1785లో ఆండ్రూ ఫుల్లర్ ఆ ధోరణిని పుస్తకం రాసి ఎదిరించాడు. 1792లో కేరీ, ఫుల్లర్ కలిసి మిషన్ సంఘం పెట్టారు. కేరీ బృందం శ్రీరాంపూర్ అచ్చుకూటం నుంచి 1818లో తెలుగు కొత్త నిబంధన వెలువడింది. అటు జాన్ వెస్లీ 1739లో బ్రిస్టల్‌లో ముందు నిర్ణయాన్ని చీల్చిచెండాడుతూ ప్రసంగించాడు. స్నేహితుడు జార్జ్ విట్‌ఫీల్డ్ ఎదురు జవాబు రాశాడు. తర్వాత రాజీపడ్డారు, 1770లో విట్‌ఫీల్డ్ సంస్మరణ ప్రసంగం చేసింది వెస్లీయే. ఆ వెస్లియన్ వారసత్వం మెదక్‌కు, లూథరన్ వారసత్వం గుంటూరుకు, బాప్టిస్టు వారసత్వం నెల్లూరు, ఒంగోలు ప్రాంతాలకు వచ్చాయి. మన సంఘాల్లో ఈ విషయం మీద ఏకాభిప్రాయం లేకపోవడానికి కారణం ఈ వేర్వేరు పుట్టుకలే.

తెలుగు పాఠకుడికి వెంటనే తోచే మాట తలరాత. కానీ ఏర్పాటు అది కాదు, కర్మ అంతకన్నా కాదు. కర్మలో చేసుకున్నవాడికి చేసుకున్నంత. ఏర్పాటులో చేసుకున్నదాన్ని అసలు లెక్కలోకే తీసుకోరు. నిజమైన పోలిక కావాలంటే శ్రీవైష్ణవంలో ఉంది. తల్లిని పట్టుకు వేలాడే కోతిపిల్లలా జీవుడూ కొంత ప్రయత్నించాలన్నది వడగలై వారి మర్కట న్యాయం. పిల్లి తన కూనను నోట కరుచుకుపోయినట్టు అంతా భగవంతుడే చూసుకుంటాడన్నది తెంగలై వారి మార్జాల న్యాయం. భారతీయ భక్తి సంప్రదాయాన్ని క్రైస్తవంతో పోల్చి చూసిన జర్మన్ పండితుడు రుడాల్ఫ్ ఓటో దీన్ని ప్రత్యేకంగా గమనించాడు. వెస్లీ, విట్‌ఫీల్డ్‌ల తగవు మనకు బొత్తిగా పరాయిది కాదు.

ఇంకో కోణం కూడా ఉంది. లోకం నీచులుగా చూసినవారినే దేవుడు ఏర్పరచుకున్నాడని కొరింథీయులకు పౌలు రాశాడు. 1878లో ధాత కరువు ముగిసే రోజుల్లో ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో ఒకేరోజు 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు, ఎక్కువమంది మాదిగలు. ఊరి బావి దగ్గరికి కూడా రానివ్వని మనిషికి ‘దేవుడు నిన్ను ఎన్నుకున్నాడు’ అనే మాట ఎలా వినిపించి ఉంటుందో ఊహించవచ్చు. అది అహంకారం కాదు, తల ఎత్తుకునే హక్కు. అదే మాట బలవంతుల నోట పడితే ‘మేమే ఎన్నికైన జాతి’ అనే పొగరవుతుంది.

బేరీజు

కాల్విన్ దారి కృపను పూర్తిగా కాపాడింది. రెండోవాణ్ని దేవుడు ఎందుకు విడిచిపెట్టాడన్న ప్రశ్నకు జవాబు లేకపోవడం దాని వెల. ఆర్మీనియస్ దారి దేవుడి మంచితనాన్ని కాపాడింది. నమ్మినవాడికీ నమ్మనివాడికీ తేడా చివరికి మనిషిలోనే తేలడం దాని వెల. పైగా కాదనబోతున్నారని తెలిసీ వాళ్లను ఎందుకు సృష్టించాడన్న ప్రశ్న ఆయన్నీ వదలదు. లూథరన్లు తర్కాన్ని వదులుకున్నారు. బార్త్ చివరి ప్రశ్నను వదిలేశాడు.

అయినా తేలినవి రెండున్నాయి. తొలి అడుగు కృపదేనన్నది పడమటి సంప్రదాయాలన్నిటికీ ఉమ్మడి మాట. అక్కడ కాల్విన్, వెస్లీ, ట్రెంట్ సభ ఒకే వరుసలో నిలుస్తారు. దేవుడు కొందరిని రక్షించినట్టే కొందరితో పాపం చేయించి నాశనం చేస్తాడనే జంట లెక్కను ఆరాంజ్ ఖండించింది, డోర్ట్ కూడా తనది కాదంది. ఆరాంజ్ ఎగుడుదిగుడు లెక్కే, తర్కానికి అతకకపోయినా, లేఖనాల రెండు పాయలకూ చోటిస్తుందని నా అభిప్రాయం. ఏర్పాటు అనేది నమ్మినవాడు కృతజ్ఞతతో తన గురించి చెప్పుకోవాల్సిన మాట. పక్కవాడి గురించి తీర్పుగా చెప్పే అధికారం బైబిలు ఎవరికీ ఇవ్వలేదు.

కాబట్టి బోధకులకు ఒక విన్నపం. రోమా తొమ్మిదో అధ్యాయం ప్రసంగిస్తే పదకొండో అధ్యాయం చివరిదాకా వెళ్లండి; టైము చాలకపోతే మరుసటి ఆదివారం పూర్తి చేయండి, సగంలో మాత్రం వదిలేయకండి. ‘నేను ఏర్పాటులో ఉన్నానో లేదో’ అని నిద్రపట్టక మీ దగ్గరికి వచ్చిన మనిషికి కనపడని జాబితా చూపించబోకండి. క్రీస్తు దగ్గరికి రమ్మన్న పిలుపు చూపించండి. ఈ విషయంలో కాల్విన్, వెస్లీ ఇద్దరూ ఇచ్చిన సలహా అదొక్కటే.